ఐదో ఏటి వంతెన

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. ఐదో ఏడును మాత్రం బ్రిటన్ కనిపెట్టింది. మొదటి రెండూ అందరికీ పనికొస్తాయి గనుక వాటికి ఇంత మర్యాద దక్కలేదు.

మా దేశపు ఆర్థిక సూత్రం చాలా సులువు. ప్రభుత్వం ఎంత అప్పు చేసినా సరే, ఐదో ఏటికి ఆ అప్పు తగ్గుముఖం పట్టాలి. ఆర్థికమంత్రిగారు ఏటేటా బడ్జెట్టు కాగితాలున్న ఎర్ర పెట్టె పట్టుకుని తన ఇంటి గుమ్మం ముందు ఫొటో దిగి, పార్లమెంటుకు వెళ్ళి, ఐదో ఏట అప్పు తగ్గుతుందని ప్రకటిస్తారు. మరుసటేడు మళ్ళీ అదే పెట్టె, అదే గుమ్మం, మళ్ళీ కొత్తగా ఐదో ఏడు. పాత ఐదో ఏడు ఏమైందని అడగడం ఇక్కడ మర్యాద కాదు. (ఒకాయన అడిగాడు. ఆయనకు బిరుదిచ్చి ప్రభువుల సభలో కూర్చోబెట్టారు. మళ్ళీ అడగలేదు.)

ఈ సూత్రం మా ఊరు కాల్డర్‌స్విక్‌కు కాలివంతెన దారిన వచ్చింది. ఊరి మధ్య పారే ఏటికి ఇటు మా వీధి, అటు వృద్ధుల సంరక్షణ గృహం. మా పక్కింటి వినిఫ్రెడ్ ఓల్డ్‌రాయిడ్‌ను ఊరంతా విన్నీ అంటారు. ఎనభై దాటిన మనిషి. మతిమరుపు ముదిరిన ఆవిడ భర్త సిరిల్ ఆ గృహంలో ఉండేవాడు. పెళ్ళాం పేరు మర్చిపోయాడు గానీ, సాయంత్రం టీ తెచ్చేది ఈవిడేనన్న సంగతి మాత్రం మర్చిపోలేదు. ఈవిడ వెళ్ళి పక్కన కూర్చుంటేనే నాలుగు ముద్దలు తినేవాడు. లేకపోతే నర్సులు బతిమాలినా నోరు తెరిచేవాడు కాదు. అందుకని ఎండైనా వానైనా (మాకు వానే) విన్నీ ఫ్లాస్కు పట్టుకుని వంతెన దాటి వెళ్ళొచ్చేది.

ఆ వంతెన మీద నాలుగు చెక్క పలకలు పుచ్చిపోయాయి. కౌన్సిల్ వాళ్ళు వెంటనే స్పందించి రెండు చివర్లా ఇనుప కంచె వేశారు. రోడ్డు మీద చుట్టుతిరిగి వెళ్ళాలంటే తొమ్మిది మైళ్ళు. బస్సు ఉండేది, దాన్ని అంతకుముందే పొదుపు చేసేశారు.

విన్నీని తీసుకుని నేను కౌన్సిల్ సమావేశానికి వెళ్ళాను. అక్కడ పెట్టుబడికీ రోజువారీ ఖర్చుకూ మధ్య గీత గీసే అధికారిణి గ్లెండా పికర్స్‌గిల్ మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టింది.

"వంతెన ఎప్పుడు బాగుచేస్తారమ్మా?" అంది విన్నీ.

"ఐదో ఏట చేసేస్తామండీ."

"ఇది ఎన్నో ఏడు?"

"మొదటిదండీ."

"మరి వచ్చే ఏడు?"

"అదీ మొదటిదేనండీ," అంది గ్లెండా, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

"మా షెడ్డులో పలకలున్నాయి, సుత్తి ఉంది. ఒక్క పూట పని, నేను కొట్టేస్తా," అన్నాను నేను.

గ్లెండా భయంగా తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అంతమాట అనకండి బాబూ! పాతది బాగుచేస్తే అది రోజువారీ ఖర్చు. దానికి మేం అప్పు తేకూడదు. కొత్తది కడితే పెట్టుబడి. దానికి ఎంతైనా తేవచ్చు."

"అంటే నాలుగు పలకలకు డబ్బు లేదు, మొత్తం వంతెనకైతే ఉందా?"

"ఉంది. కానీ పాతది ముందు కూలాలి కదండీ. మీరు పోయి దానికి పలకలు కొడితే ఇంకో ముప్ఫై ఏళ్ళు కూలదు. ఊరి నోట్లో మట్టి కొట్టినవారవుతారు."

చేసేది లేక విన్నీ టాక్సీ ఎక్కడం మొదలుపెట్టింది. మా ఊళ్ళోనే పుట్టి పెరిగిన నవీద్ నడిపే టాక్సీ. పోనూ రానూ ముప్ఫై ఆరు పౌండ్లు. పింఛను ఎన్నాళ్ళని సరిపోతుంది? మొదట పియానో అమ్మింది. తర్వాత పెళ్ళినాటి టీ సెట్టు. ఆ తర్వాత రోజు విడిచి రోజు వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళని రోజుల్లో సిరిల్ తినేవాడు కాదు. ఆయన చొక్కాలు వదులయ్యాయని ఆవిడ నాతో చెప్పి, వెంటనే వాతావరణం సంగతి ఎత్తుకుంది.

సరిగ్గా అప్పుడే దేశం మమ్మల్ని గుర్తించింది. దేశమంతటా ఎదుగుదల భూతద్దం పెట్టి వెతికినా కనబడని రోజుల్లో, కాల్డర్‌స్విక్‌లో మాత్రం ఆర్థిక వృద్ధి దూసుకుపోతోందని లండన్‌లోని జాతీయ వృద్ధి అన్వేషణ మండలికి తెలిసింది. కారణం కనిపెట్టి రమ్మని పెరిగ్రిన్ హాత్‌వెయిట్ అనే అధికారిని పంపారు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మెరిసే బూట్లు, వినయం ఒలికే గొంతు. విన్నీ వంటింట్లో టీ తాగుతూ విచారణ జరిపాడు.

"ఇంతకుముందు మీ ఆయన దగ్గరికి ఎలా వెళ్ళేవారు మేడమ్?"

"నడిచి."

కుర్రాడి మొహం వాడిపోయింది. "రోజూనా? ఇన్నేళ్ళపాటు జాతీయాదాయానికి ఒక్క పెన్నీ కూడా చేర్చకుండానా?"

"మొగుణ్ణి చూడ్డానికి వెళ్ళాను నాయనా, జాతీయాదాయాన్ని చూడ్డానికి కాదు."

"పోన్లెండి, తెలియక చేశారు," అని ఆయన క్షమించాడు. మనిషి నడిస్తే దేశం కదలదనీ, టాక్సీ ఎక్కితేనే కదులుతుందనీ వివరించాడు. విన్నీ ఒక్కతే కాదు, వంతెన మూతపడ్డాక ఊరంతా పెట్రోలు తగలేస్తోంది, టైర్లు అరగదీస్తోంది, నడుం నొప్పికి మాత్రలు కొంటోంది. ఇదంతా వృద్ధే. పుచ్చిన నాలుగు పలకలు చేసినంత మేలు మా ఊరికి ఏ ప్రభుత్వమూ చేయలేదని ఆయన తేల్చాడు.

దీనికి ఒక్క నవీద్ అడ్డం తగిలాడు. విన్నీ ఎక్కినప్పుడు మీటరు ఆపేస్తున్నాడని మండలికి తెలిసింది. హాత్‌వెయిట్ స్వయంగా వచ్చి టాక్సీ పక్కన నిలబడ్డాడు.

"మా అమ్మ ఈడు మనిషి సార్. డబ్బు తీసుకుందామంటే చెయ్యి రావట్లేదు," అన్నాడు నవీద్.

"మీరొక్కరే జాలిపడితే ఫరవాలేదు. అలవాటై అందరూ పడితే మాంద్యం వచ్చేస్తుంది. పడండి, వద్దనను. మీటరు వేసి పడండి."

కాదంటే లైసెన్సు పోతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. నవీద్ మీటరు వేశాడు. ఆ రోజంతా విన్నీ మొహం చూడలేకపోయాడట.

ఇక శరదృతువు బడ్జెట్టులో మా ఊరి పేరు మారుమోగింది. 'మూసివేత ద్వారా ముందడుగు' అనే పథకం కింద దేశవ్యాప్తంగా వంతెనలు మూయాలని నిర్ణయించారు. మూయడానికి వంతెన లేని ఊళ్ళకు, కొత్తది కట్టి మూసుకోవడానికి అప్పు మంజూరైంది. (కొత్తది గనుక పెట్టుబడి.) అప్పులిచ్చేవాళ్ళు సంతోషించి వడ్డీ వెంట్రుకవాసి తగ్గించారు. ఆ వెంట్రుకవాసిని చూసుకుని మంత్రిగారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారని పత్రికలు రాశాయి.

నవంబరులో, ఎప్పుడో మూతపడ్డ వంతెనను లాంఛనంగా మూయడానికి మంత్రిగారే మా ఊరికి వేంచేశారు. ప్రారంభోత్సవాల్లో రిబ్బను కత్తిరిస్తారు, ఇది మూసివేత గనుక కడతారు. వంతెన ముందు బ్యాండు మోగుతోంది. మంత్రిగారి కార్ల కోసం పొద్దున్నుంచే రోడ్డు ఆపేశారు. అదే సమయానికి అవతలి ఒడ్డు నుంచి విన్నీకి ఫోను వచ్చింది. సిరిల్‌కు ఊపిరి అందడం లేదు, వెంటనే రమ్మన్నారు.

విన్నీతో పాటు నేనూ ఎక్కిన నవీద్ టాక్సీని పోలీసులు మలుపు దగ్గరే నిలిపేశారు. ఎంత బతిమాలినా వదల్లేదు. విన్నీ దిగి, నా చెయ్యి పట్టుకుని, వంతెన దగ్గరికి నడిచొచ్చింది. చంకలో ఫ్లాస్కు.

"అదిగో నాయనా, ఆ మూల కిటికీ ఆయనదే," అంది కంచె దగ్గర నిలబడ్డ హాత్‌వెయిట్‌తో. "నన్ను పోనీ. పుచ్చిన పలకలు ఏవో నాకు తెలుసు, దాటేస్తాను."

"ప్రమాదం మేడమ్. నియమాలు ఒప్పుకోవు."

"ప్రమాదం నాదే కదా. నీకేం పోయింది?"

"మేడమ్, మంత్రిగారు మాట్లాడుతున్నారు. దయచేసి కాస్త మెల్లిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. కంచె పట్టుకుని ఊపేశాను. పోలీసు నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా, కదలకుండా నొక్కిపెట్టాడు. వేదిక మీద మంత్రిగారు కాల్డర్‌స్విక్ దేశానికి దారి చూపిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే అవతల నర్సు వచ్చి ఆ కిటికీ తెర మెల్లగా లాగేసింది. విన్నీ చూసింది. నేనూ చూశాను. ఆవిడ ఏడవలేదు. నేనే, సిగ్గులేకుండా, అంతమందిలో ఏడ్చాను.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో అందరికీ టీ, హామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. హాత్‌వెయిట్ నల్ల టై కట్టుకుని వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నిజంగానే బాధపడుతున్నాడు. ఓదార్చడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క మాట వెతికి తెచ్చుకున్నాడు. విన్నీ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"మీరేం దిగులు పెట్టుకోకండి మేడమ్. లెక్క నేనే దగ్గరుండి చూశాను. మీరు టాక్సీ మానేసినందువల్ల పడిన లోటు, శవపేటికా పూలూ ఈ టీ ఖర్చుతో సరిపోయింది. ఊరి వృద్ధి ఏమీ తగ్గలేదు."

విన్నీ ఖాళీ అయిన ఆ కుర్రాడి కప్పులో మళ్ళీ టీ పోసింది.

"మా సిరిల్ బతికుండగా ఎవరికీ లోటు చెయ్యలేదు నాయనా," అంది. "పోయాక మాత్రం ఎందుకు చేస్తాడు?"