పది లక్షల ఒకటికి భాగం లేదు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, రాజంపేట పక్కనున్న ఒక పల్లెలో, ఆదివారం పొద్దున. బడిపంతులు దాసన్న, తన భార్య జ్ఞానమణి, తమ్ముడు ఓబన్న, మరదలు వరమ్మలతో కలిసి ప్రార్థనకు గుడికి వెళ్లాలి. ఏర్పాటు అంతే.

చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఆయన మనసులోకి పది లక్షల ఒకటి అనే సంఖ్య వచ్చి నిలబడింది. ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి, నడుమ ఐదు సున్నాలు. పెద్ద బీడుకు అటొకరు ఇటొకరు నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నట్టు అనిపించింది. దీన్ని ఏ సంఖ్యైనా శేషం లేకుండా భాగిస్తుందా? లేక ఇది ఎవరికీ లొంగని ఒంటరిదా?

"మీరు పోతా ఉండండి, నేను ఎనక వస్తా" అని, సుద్దముక్క పట్టుకుని వాకిట్లో నాపరాళ్ల మీద కూర్చున్నాడు.

వరమ్మ పాటల పుస్తకం మరిచిపోయి దారిలోంచి తిరిగొచ్చింది. బావ వాకిలి పొడుగునా గీతలు గీస్తూ, నిద్రలో మాట్లాడినట్టు అంటున్నాడు. "ఏడుకు భాగం లేదు. పదమూడుకు భాగం లేదు. ఎవురికీ భాగం లేదు."

ఆమె పుస్తకం సంగతే మరిచి పరుగెత్తింది. ప్రార్థన నడుమ మొగుడి చెవిలో చెప్పింది. "మీయన్న వాకిలికి గీతలు గీస్తాండాడు. మనకు భాగం లేదంట!"

ఓబన్న 'ఆమెన్' అనాల్సిన చోట 'అన్యాయం' అన్నాడు. గుడంతా వినపడింది.

అప్పటిదాకా ఆ ఇంట్లో భాగాల ఊసే లేదు. గుడి విడిచేసరికి ఊళ్లో వేరే ఊసు లేదు. సంఘపెద్ద యేసురత్నం ముందు నడవగా జనమంతా దాసన్న వాకిట్లోకి వచ్చారు.

"ఏమప్పా దాసన్నా, భాగం లేదంటివంట?"

దాసన్న తలెత్తాడు. నల్లటి రాళ్ల మీద తెల్లటి అంకెలు పట్టపగటి చుక్కల్లా ఉన్నాయి. వెయ్యి దాకా చూడాల్సి ఉన్నా, ఆయన మనసు ముందే తృప్తిపడిపోయింది.

"లేదు పెద్దాయనా. తొంభై ఏడు దాకా చూసినా. యాడా లేదు. శానా అందంగా ఉండాది."

"అందమా!" ఓబన్న బావురుమన్నాడు. "నన్ను బుజాలమీద ఎత్తుకోని తిప్పినోడివి. ఈ మాట నీ నోట ఎట్ల వచ్చెనన్నా?"

మరిది ఏడవడం చూసి జ్ఞానమణికీ ఏడుపొచ్చింది. ఆమె తప్పు ఒప్పుకుంటోందని వరమ్మ అనుకుంది. వెంటనే సగం గిన్నెలు తెచ్చి, కొట్టం పక్కన మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది.

"నూటొక్క మంది పెద్దమనుషులను పిలిపిస్తా! అప్పుడేమంటావో చూస్తా!" అన్నాడు ఓబన్న.

"నూటొక్కటా?" దాసన్న వంగి పది లక్షల ఒకటిని దాంతో గబగబా భాగించాడు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి వచ్చింది. శేషం సున్నా. లేచి తమ్ముణ్ణి కావలించుకున్నాడు. "భాగం ఉండాదిరా! నిక్కచ్చిగా ఉండాది!"

జనం ఊపిరి పీల్చుకున్నారు. యేసురత్నం దేవునికి స్తోత్రం చెప్పాడు.

"యా భాగమన్నా? పైచేనా, కిందిచేనా?" ఓబన్న కళ్లు తుడుచుకున్నాడు.

"చేనేందిరా? నేను చెప్పేది లెక్క!"

ఓబన్న వంగి రాళ్ల మీది అంకెలు చూశాడు. "నేను భాగం ఎప్పుడడిగితినన్నా?"

"నువ్వడిగితే గదా నేను లేదనేది!"

అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు. జనం కాస్త నిరాశగానే కదిలారు. కొత్త పొయ్యి ఆర్పుదామని ఓబన్న చెంబుతో నీళ్లు తీసుకెళ్తే, వరమ్మ అడ్డం నిలబడింది. కాపురానికి వచ్చాక తన చేతి ఉప్పు తాను వేసుకుని వండడం ఆమెకు అదే మొదలు. లోపల జ్ఞానమణి ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుని కూనిరాగం తీస్తోంది.

"ఉండనీలేప్పా," అందామె మరిదితో, వెనక్కి తిరగకుండానే.

అన్నదమ్ములు చివరిదాకా భాగాలు పంచుకోలేదు; రెండు పొయ్యిల దగ్గరా తిని కాస్త లావయ్యారు.