మాస్టారి చలవపందిరి

ఈ వేసవికి ఏసీ ముఖం చూడకూడదని ఉమాకాంతం మాస్టారు గట్టిగా నిశ్చయించుకున్నారు. జగ్గయ్యపేట ఎండ సామాన్యమైంది కాదు. కిందటి మే నెల కరెంటు బిల్లు అంతకన్నా కాదు. అందుకని నిన్ననే డాబా మీద తెల్ల కూలింగ్ పెయింటు వేయించి, మిగిలినదాన్ని గోడలకూ పూయించారు. పడమటెండ తగలకుండా ఇవాళ పొద్దున్నే వాకిట్లో తాటాకు పందిరి మొదలుపెట్టించారు.

పందిళ్ళు వేసే బుల్లిబాబు మాస్టారి పాత శిష్యుడే. పని పూర్తయ్యాక రాటలకు మామిడాకుల తోరణాలు కట్టాడు.

"ఇవెందుకురా?"

"ఉత్త పందిరి చావింటికే వేస్తామండీ. అరిష్టం!"

మాస్టారు సరే అని ఊరుకున్నారు. అదే కొంప ముంచింది.

ఇంటికి వెల్ల, వాకిట్లో పందిరి, పందిరికి తోరణం. ఎదురింటి దుర్గాంబ గారికి ఇంకేం కావాలి? తొమ్మిదేళ్ళ క్రితం భార్య పోయిన మాస్టారికి మళ్ళీ పెళ్ళని తేల్చేశారు. కుండకి మూకుడుంది గానీ లోకానికి మూకుడేది? పది గంటలకల్లా కంచికచర్ల నుంచి కూతురు సంహిత ఫోను.

"నాన్నా, పెళ్ళి చేసుకుంటే నేనేమన్నా వద్దన్నానా? దుర్గాంబత్త చెబితే తెలియాలా నాకు?"

"పెళ్ళి లేదు, ఏం లేదు. కరెంటు బిల్లు తగ్గుద్దని వేయించానమ్మా!"

"కరెంటు బిల్లుకి తోరణాలు కడతారా?" అంటూ పెట్టేసింది.

కూతుర్ని ఎలాగైనా సముదాయించుకోవచ్చు. రెండో ఫోనుకే మాస్టారి గుండె జారిపోయింది. తమ బడిలోనే హిందీ చెప్పే ప్రేమకుమారి, నందిగామ నుంచి. దుర్గాంబ గారి తోటికోడలు ఉండేది ఆవిడ వీధిలోనే. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆవిడతో ఒక మాట చెప్పాలని రెండేళ్ళుగా మాస్టారు రోజూ నోరు తెరుస్తున్నారు, హాజరు పట్టీ గురించి అడిగి మూసుకుంటున్నారు.

"శుభాకాంక్షలండీ." పొడిగా అందావిడ. "బదిలీ ఆప్షన్లకి ఇవాళే ఆఖరు. నేను మైలవరం పెట్టేశా."

మళ్ళీ చేస్తే తీయలేదు. ఈ పందిరి ఉన్నంతసేపూ తన మాట ఎవరూ నమ్మరు.

"పీకెయ్యరా!" అని అరిచారు. బుల్లిబాబు నోరెళ్ళబెట్టినా, గంటలో పందిరి నేలకు దించాడు.

దుర్గాంబ గారు అదీ చూశారు. "పాపం, పెళ్ళికూతురు వద్దందట!" అని తోటికోడలికి కబురు అందించారు.

మిట్టమధ్యాహ్నం నందిగామ బస్సు దిగి, చెమటలు కక్కుతూ వచ్చింది ప్రేమకుమారి. పీకిన తాటాకుల మధ్య అరుగు మీద కూలబడి ఉన్న మాస్టారిని చూడగానే ఆవిడ కోపం సగం దిగిపోయింది.

"ఎవరండీ ఆవిడ? మిమ్మల్ని కాదనడానికి కళ్ళు లేవా?"

"ఎవరూ లేరండీ. ఆ పందిరి ఎండ కోసం వేయించా." మళ్ళీ హాజరు పట్టీ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశారు. "కాదనాలన్నా ముందు నేను అడగాలి కదండీ. రెండేళ్ళ నించీ మిమ్మల్ని అడగలేక చస్తున్నా."

ఆవిడ లోపలికి నడిచి, గచ్చు మీద కూర్చుని నుదురు తుడుచుకుంది. మాస్టారు గడప దగ్గరే నిలబడ్డారు.

"ఏసీ లేకుండానే ఇల్లు భలే చల్లగా ఉందే!" అంటూ ఫోను తీసి మైలవరం ఆప్షను తీసేసింది.

సాయంత్రం తాటాకులు మోపు కట్టుకుంటున్న బుల్లిబాబుని మాస్టారు వెనక్కి పిలిచారు.

"మళ్ళీ వెయ్యరా."

"ఎండకా అండీ, పెళ్ళికా?"

"పెళ్ళికే. తోరణాలు మర్చిపోకు."

పెళ్ళి దీపాల పుణ్యమా అని ఆ నెల మాస్టారింటి కరెంటు బిల్లు కిందటి మే నెలకి రెట్టింపు వచ్చింది.