రెండిట్ల ఒకటి పోవాలె

ఈస్టర్‌కు ముందు శనివారం పొద్దున సాల్మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెచ్చిన రెండు పాత లెన్సుల్లో ఏది ఉంచుకోవాలో పది గంటల్లోపు తేల్చుకోవాలి. రెండోదాన్ని మధ్యాహ్నం వాపసు ఇచ్చి రావాలి. తెల్లవారి ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని, ముందు వరుసలో నిలబడి పాట పాడే తన భార్య వినోదను, ఆమెకు తెలియకుండా, ఒకే ఒక్క ఫోటో తీయాలి.

కరీంనగర్‌లో ముప్పై ఏళ్లు ఊరందరి ఫోటోలూ తీసిన మనిషి ఇంట్లో భార్యది మంచి ఫోటో ఒక్కటీ లేదు. తప్పు సాల్మన్‌ది కాదు. వినోద నవ్విందంటే, ఎందుకు నవ్వుతోందో తెలియని వాళ్లు కూడా నవ్వేస్తారు. అటువంటి మనిషి కెమెరా కనబడగానే కొయ్యబారిపోయేది. పెళ్లినాటి ఫోటోలో, కూతురు మహిమ పుట్టినప్పటి ఫోటోలో, ఆ మహిమకే నర్సు ఉద్యోగం వచ్చిననాటి ఫోటోలో ఒకటే ముఖం, ఆధార్ కార్డుకు తీసినట్టు. ఆమెను దూరం నుంచే తీయాలని సాల్మన్ ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాడు. నిరుడు మహిమ ఒక కెమెరా కొనిచ్చింది. అయితే ఉత్త బాడీ, లెన్సు లేదు. దూరపు లెన్సు కొత్తది కొనాలంటే ఆ ధరకు నడిచే ఆటో ఒకటి వస్తుంది. అందుకే శుక్రవారం అతను తన పాత యజమాని పర్శరాములు ఇంటికి వెళ్లాడు.

పర్శరాములు స్టూడియో మూతబడి పదిహేనేళ్లయింది. ఆ షట్టర్ వెనక ఇప్పుడు సెల్‌ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. కానీ ఆయన ఇంట్లో ఇనుప బీరువా తలుపు తీసేసరికి పాత వాసన గుప్పున కొట్టింది. సాల్మన్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఫోటోలు కడిగే చీకటి గదిలో ఎర్ర బల్బు, తొట్టిలో నీళ్లకింద మెల్లగా తేలివచ్చే ముఖాలు, తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసిన పెళ్లికూతుళ్లు, "గడ్డం జర కిందికి దించు పిల్లా" అనే పర్శరాములు గొంతు, అన్నీ ఆ బీరువాలోనే మడతపెట్టి దాచినట్టున్నాయి.

అడుగు అరలో రెండు లెన్సులు ఉన్నాయి. చిన్నది నూట ముప్పై అయిదు మిల్లీమీటర్లది, పెద్దది రెండు వందలది. రెండిటికీ ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. పెద్దదాని నడుం మీద ఒక గీత ఉంది. ఆసిఫాబాద్‌లో ఒక పెళ్లి బారాత్‌లో బ్యాండు వాడి బూర తగిలి పడిన గీత. ఆ తరవాత పర్శరాములు రెండు రోజులపాటు సాల్మన్‌తో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ గీతనే వేలితో తడిమి, "మంచి పెండ్లిరా అది" అన్నాడు.

"రెండూ తీస్కపో. రెండిటినీ పోల్చి చూసుకో. రేపు పొద్దుగూకేటాళ్లకు ఒకటి వాపస్ తెచ్చియ్యి. ఒకటన్న నా కండ్ల ముంగట ఉండాలె."

సాల్మన్‌కు వచ్చిన చిక్కు అక్కడే. చిన్నది తేలిక, వెలుతురు బాగా పట్టుకుంటుంది. చర్చిలో వెలుతురు తక్కువ. పెద్దది బరువు, కొంచెం చీకటి. కానీ చివరి బెంచీ నుంచి వినోద ముఖం దాకా చేరాలంటే అదే చేరాలి.

శనివారం పొద్దున అతను గల్లీ మొదట్లో మూడు కాళ్ల స్టాండు పెట్టి కెమెరా బిగించాడు. పాత లెన్సు రింగు మీద అడుగుల లెక్క చెక్కి ఉంటుంది. ఎప్పుడో విప్పి బిగించిన లెన్సయితే ఆ అంకెలు అబద్ధమాడతాయి. అది తేల్చడానికి టేపు ఒక కొస వినోద చేతికిచ్చి నడవమన్నాడు. మానేరు గట్టున పిట్టల ఫోటోలు తీయడానికని ఆమెకు చెప్పాడు.

"ఎంతయింది?" అని అరిచాడు.

"ముప్పై అడుగులు!" అని ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. "ఇంక పోవాల్నా, ఆగాల్నా?"

"ఆడనే గుర్తు పెట్టు! పెద్దగ పెట్టు, కనవడాలె!"

వినోద సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు గీసి, కింద ముప్పై అని రాసింది. అది పడింది రాయమల్లు కిరాణా దుకాణం మెట్ల మీద. మూడు మెట్లూ నల్ల గ్రానైటువి. రాయమల్లు తానే క్వారీకి వెళ్లి ఏరి తెచ్చుకుని, గల్లీలోకి నాలుగడుగులు వచ్చేటట్టు వేయించుకున్నాడు. నల్లరాయి మీద తెల్లసుద్ద చుక్కల్లా మెరిసింది. రెండో గుర్తు ఎదురింటి కమలవ్వ బట్టలుతికే బండ మీద పడింది. దాని కింద ఇరవై.

రాయమల్లు షట్టర్ ఎత్తుతూ మెట్లు చూశాడు. టేపు చూశాడు. మూడు కాళ్ల మీద నిలబడ్డ యంత్రాన్నీ, దానికి కన్ను అతికించుకున్న సాల్మన్‌నూ చూశాడు. మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"ఏం కొలుస్తున్నవే సాల్మనన్నా?"

ఫోకస్ రింగు వెంట్రుకవాసి తిప్పుతున్న సాల్మన్ తల ఎత్తలేదు. "రెండిట్ల ఒకటి పోవాలె రాయమల్లూ."

"ఏంది పోయేది?"

"పెద్దది ఉంచితే చిన్నది పోవాలె, చిన్నది ఉంచితే పెద్దది పోవాలె. నాకే తేలుతలేదు."

రాయమల్లు తన మెట్ల వైపు చూశాడు, కమలవ్వ బండ వైపు చూశాడు. ఏది పెద్దదో కొలవనక్కర లేకుండానే కనిపిస్తోంది. "గిట్ల ఎవలు జెప్పిండ్రు?"

"పర్శరాములు సారు. సాయంత్రం దాకనే టైం ఇచ్చిండు."

"మరి... ఎప్పుడు కొడ్తరు?"

ఫోటో సంగతి ఇతనికెలా తెలిసిందా అని సాల్మన్ మొదటిసారి కన్ను పక్కకు తీశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి. ఒక్కటే దెబ్బ. వినోదకు మాత్రం చెప్పకు."

కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పనంత రహస్యమైతే, పై నుంచి ఎంత గట్టి ఆర్డరు వచ్చి ఉండాలి! రాయమల్లు దుకాణంలోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. తరవాత ఇల్లిల్లూ తిరిగాడు. అరగంటలో పర్శరాములు హైదరాబాదు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన పెద్ద ఆఫీసరు అయ్యాడు. గంటలో, ఆయన పోయిన చోటల్లా ఒక రోడ్డు వెడల్పు చేయించి గానీ అన్నం తినడని తేలింది. ఒక దిక్కు ముప్పై, ఇంకో దిక్కు ఇరవై అని గుర్తులున్నాయంటే ఎవరి దిక్కు ఎంత పోతుందోనని గల్లీలో పెద్ద చర్చ నడిచింది.

సాల్మన్‌కు ఇదంతా తెలియదు. అతనికి తెలిసిందల్లా, ఉన్నట్టుండి గల్లీకి తన మీద ప్రేమ పుట్టిందని. రాయమల్లు టీ పంపించాడు, దాని వెనకే మిర్చిబజ్జీలు. కమలవ్వ డెబ్బై అయిదేళ్ల మోకాళ్లతో కుంటుకుంటూ వచ్చి, వేడివేడి సర్వపిండి పళ్లెం చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. నా దిక్కు జర మెల్లగ చూడు. ముసలిదాన్ని, ఒక్క బండే ఉన్నది."

"నీ దిక్కే చూస్తున్న అవ్వా. నీదే సాఫ్‌గ కనవడ్తున్నది," అన్నాడు సాల్మన్. కమలవ్వ ముఖం ఎందుకు పాలిపోయిందో అతనికి అర్థం కాలేదు.

సర్వపిండి నములుతుంటే అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఒకప్పుడు పెళ్లి ఇళ్లల్లో ఇలాగే ఉండేది. పెళ్లికొడుకు మేనమామకంటే ముందు ఫోటోగ్రాఫర్‌కు విస్తరి వేసేవాళ్లు. "ఫోటో అన్న తిన్నడా?" అని పెద్దవాళ్లు వచ్చి అడిగేవాళ్లు. ఆ మర్యాద కాలంతో పాటు పోయిందనుకున్నాడు. పోలేదు, తన గల్లీలోనే ఉంది. చేతిలోకి కెమెరా రాగానే జనం మళ్లీ గుర్తుపట్టారు.

పది గంటలకు కూడా లెన్సు సంగతి తేలలేదు. రెండూ బాగానే ఉన్నాయి. రెండిటినీ సంచిలో పెట్టుకుని పర్శరాములునే అడుగుదామని బయలుదేరాడు. పోతూ పోతూ రాయమల్లుతో, "సారు దగ్గరికే పోతున్న. ఆయన ఎట్లంటే అట్ల," అన్నాడు.

పర్శరాములు లెన్సుల ముచ్చట వెంటనే ఎత్తుకోలేదు. నెగెటివ్‌ల డబ్బాలు దించాడు. ఇద్దరూ ఒక్కొక్క పట్టీ కిటికీకి ఎత్తి పట్టుకుని చూశారు. బాసరలో అక్షరాభ్యాసానికి వచ్చి పలక విసిరికొట్టిన పిల్ల, గోదారి ఒడ్డున తడి చీరతో నవ్వుతున్న ఆమె తల్లి. పేర్లు కొన్ని గుర్తొచ్చాయి, కొన్ని రాలేదు. మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాడు.

"కండ్లు మూసుకో," అన్నాడు పర్శరాములు చివరికి. "రెండు చేతులల్ల రెండు పెడ్త. ఏది నీ చేతిది అనిపిస్తే అదే నీది."

సాల్మన్ కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు దానంతటదే వెళ్లి ఆసిఫాబాద్ గీత మీద ఆగింది. చిన్నది బీరువాలోకి పోయింది.

ఇక్కడ గల్లీలో, అడ్డమున్నవి మన చేత్తో మనమే తీసేస్తే ఆఫీసర్లు ఇంటి గోడ దాకా రారని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. ముందు రాయమల్లు గడ్డపార పట్టుకున్నాడు. కళ్ల నీళ్లతోనే గ్రానైటు పెకిలించాడు. అతను తీస్తుంటే మనమెందుకు ఊరుకోవాలని పక్కింటివాళ్లు బైకు షెడ్డు రేకులు విప్పారు. ఆ పక్కవాళ్లు అరుగు కొట్టారు. నలుగురు కలిసి కమలవ్వ బండను దొర్లించుకుపోయి ఇంటి వెనక పడేశారు. వినోద అడ్డం వెళ్లి, "ఏమైందమ్మా, పండుగకు సాఫ్ చేస్తున్నరా?" అని అడిగితే ఎవరూ నిజం చెప్పలేదు. పాపం ఆమెకు తెలియదు కదా అని జాలిగా చూశారు.

సాయంత్రం సాల్మన్ ఎక్కిన ఆటో గల్లీ మొదట్లో ఆగకుండా నేరుగా లోపలికి వచ్చేసింది. ఇరవై ఏళ్లలో ఆ గల్లీలోకి ఆటో రాలేదు. "తమ్మీ, గిది మా గల్లి కాదు," అన్నాడు సాల్మన్. అప్పుడే దుమ్ము కొట్టుకుపోయిన రాయమల్లు గడ్డపారతో ఎదురొచ్చాడు. వెనక గల్లీ మొత్తం ఉంది.

"సారు ఏమన్నడే? ఏది పోయింది?"

"చిన్నది పోయింది," అన్నాడు సాల్మన్ సంతోషంగా. "పెద్దది ఉంచుకున్న."

"నా మెట్లు ఉంచుకొమ్మన్నడా!" రాయమల్లు గొంతు కీచుమంది.

"మెట్లేంది?" సాల్మన్ సంచిలోంచి తీసి చూపించాడు. "గిది."

"గిదేంది?"

"లెన్సు."

ఆ తరవాత కొద్దిసేపు ఎవరేమంటున్నారో ఎవరికీ వినబడలేదు. మెట్లు కట్టియ్యమన్నవాళ్లు, రేకులు ఎక్కించమన్నవాళ్లు, పర్శరాములు ఇల్లు చూపించమన్నవాళ్లు అందరూ ఒక్కసారే మీద పడ్డారు. వినోద వాళ్లను తోసుకుని ముందుకు వచ్చి మొగుడి మీదికే లేచింది.

"పిట్టల ఫోటోలకోసం ఇంతమందిని పరేషాన్ జేస్తవా? గా పిట్టలను చూడకుంటే పానం పోతదా నీకు?"

"పిట్టలకోసం కాదే," అన్నాడు సాల్మన్. తల దించుకుని, సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "రేపు చర్చిల నువ్వు పాట పాడంగ, ఎనుక బెంచీ మీదికెళ్లి ఒక్క ఫోటో తీద్దామని. దగ్గరికొస్తే నువ్వు నవ్వవు గద. గింత వయసొచ్చింది, నవ్వే ఫోటో ఒక్కటి లేదు మనింట్ల."

ముందు కమలవ్వే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓరి నీ అసాధ్యం గూల! పెండ్లాం నవ్వు చూడనీకి గల్లంత కూలగొట్టిస్తివా!"

అంతే, వినోదకు నవ్వు ఆగలేదు. కమలవ్వ భుజం పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వింది. ఆమె నవ్వు చూసి చుట్టూ ఉన్నవాళ్లకు, తమ నష్టం గుర్తుండగానే, నవ్వొచ్చింది. సాల్మన్ గబగబా లెన్సు బిగించి కన్ను పెట్టాడు. అంతా మసక. ఆ లెన్సుకు కనీసం ఎనిమిదడుగుల దూరం ఉండాలి, తను నాలుగడుగుల్లో ఉన్నాడు. రింగు తిప్పుతూ వెనక్కి నడిచాడు. పొద్దున అయితే మూడో అడుగుకే రాయమల్లు మెట్లు తగిలి వెల్లకిలా పడేవాడు. ఇప్పుడు అడ్డం ఏదీ లేదు. అయిదు, ఏడు, తొమ్మిది. మసకలోంచి వినోద ముఖం మెల్లగా తేలివచ్చింది, ఒకప్పుడు తొట్టిలో నీళ్లకింద వచ్చినట్టే. నొక్కాడు. ఆమె చూడలేదు.

ఆ సంతోషంలో ఉండగానే మధుసూదన్‌రావు కారు దిగాడు. కార్పొరేటర్‌గా మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడినాయన. కొట్లాట లేకుండా ఒక గల్లీ దానంతటదే వెడల్పయిందన్న వార్త ఆయనకు అప్పటికే చేరింది.

"నేను నెల సంది చెప్తనే ఉన్న, నలుగురు కలిస్తే అయితదని," అన్నాడు, ఎవరికీ ఎప్పుడూ చెప్పకపోయినా. రాయమల్లు భుజం మీద శాలువా కప్పి ఆదర్శ పౌరుడన్నాడు. శాలువా పడ్డాక రాయమల్లు మెట్ల మాట ఎత్తలేకపోయాడు. ఆదర్శ పౌరుడు గ్రానైటుకోసం ఏడుస్తే బాగుండదు.

"సాల్మన్, పేపరుకు ఒక ఫోటో గావాలె. గల్లి మొత్తం రావాలె, నేను నడుమ ఉండాలె."

సాల్మన్ దగ్గర ఉన్నది ఆ ఒక్క లెన్సే. గల్లీ మొత్తం పట్టాలంటే ఆ చివరికంటా పోయి నిలబడక తప్పలేదు. దూరపు లెన్సుకు ఒక గుణం ఉంది, ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ ఒకదానికొకటి అతికించేస్తుంది. ఆ సంగతి సాల్మన్‌కు తెలుసు. కానీ ఆ సాయంత్రం అతని మనసు కెమెరాలో అంతకుముందు పడిన ఫోటో దగ్గరే ఉంది.

గల్లీ ఫోటో సోమవారం పేపర్లో వచ్చింది. ఇళ్ల మీద ఇళ్లు, ఆటోల మీద బైకులు, కమలవ్వ నెత్తి మీద రాయమల్లు, అందరి నడుమ ఊపిరాడనట్టు మధుసూదన్‌రావు. మనిషి పక్కకు తిరగడానికి కూడా సందు లేనట్టుంది గల్లీ.

బుధవారం పొద్దున్నే మున్సిపల్ కార్పొరేషన్ నుంచి ఇద్దరు మనుషులు నిజం యంత్రంతో, నిజం టేపుతో దిగారు. ఊళ్లో ఇంత ఇరుకు గల్లీ ఉన్నట్టు ఇన్నాళ్లూ తమ దృష్టికే రాలేదని, రెండువైపులా ఇంకో మూడేసి అడుగులు తీయాల్సి ఉంటుందని చెప్పి, రుజువుగా పేపరు ముక్క చూపించారు.

ఫోటోలో ఫోకస్ మాత్రం ఎక్కడా తప్పలేదు.