గుడ్డుకు ప్రాణం లేదని తేల్చిన బడి

ప్రాణమున్నవేవో, ప్రాణం లేనివేవో పిల్లలకు చక్కగా బోధపడాలంటే, ముందుగా తరగతి గదిలో ప్రాణమున్నది ఒక్కటి కూడా లేకుండా చూసుకోవాలి!

నవ్వకండి పాఠకులారా. నిదానంగా ఆలోచించండి. వెనకటి రోజుల్లో టీచరమ్మ ఈ పాఠం కోసం చిక్కుడు మొక్కను కుండీతో సహా మోసుకొచ్చేది. మట్టి నేల మీద పడేది. ఆయా గొణుక్కుంటూ చీపురు తెచ్చేది. ఎవరో నత్తను పట్టుకొస్తే అది పాఠం వినకుండా గోడెక్కి పోయేది. ఇదా క్రమశిక్షణ?

ఇప్పుడో! గోడ నిండా స్మార్ట్ బోర్డు. కుక్క బొమ్మను నొక్కితే మొరుగుతుంది, ఇంకోసారి నొక్కితే మానేస్తుంది. నిజం కుక్కల్లో ఈ సౌకర్యం ఎక్కడుంది?

రాయ్‌పూర్‌లో తెలీబంధా దాటాక ఉన్న ఒక ఇంగ్లీషు మీడియం బడి ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించింది. బడి పేరు చెప్పడం మర్యాద కాదు. ప్రిన్సిపాల్ గిరిధర్ గారు భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగాయన. మాట తెలుగులో మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి హిందీలోకి దిగుతారు. ఆయన ఫోనులో చప్పుడును కొలిచే యాప్ ఒకటి ఉంది. దాన్ని చేత పట్టుకుని వరండాలో నడుస్తూ, ఏ తరగతిలో ఎన్ని డెసిబెల్స్ గోల ఉందో రాసుకుంటారు. వారమంతా తక్కువ గోల చేసిన తరగతికి శుక్రవారం నాడు ‘సైలెంట్ క్లాస్’ షీల్డు. పిల్లలు నోరు మూసుకున్నందుకు బహుమతి ఇచ్చే బడి మీ ఊళ్లో ఉందా?

ఆ బడిలో ఫణిశ్రీ ఒకటో తరగతి బి సెక్షన్ టీచరు. చేరి అయిదు నెలలైంది. ఆరో నెల పూర్తయితే ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పంపిస్తారో తేలుతుంది. తండ్రి సూర్యారావు రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తల్లి వరహాలమ్మ బొబ్బిలి నుంచి పెళ్లయి వచ్చి ముప్పై రెండేళ్లయినా, మాటలో బొబ్బిలిని, పెరట్లో కోళ్లను మాత్రం వదల్లేదు.

బి సెక్షన్‌కు షీల్డు ఒక్కసారీ రాలేదు. దానికి ముఖ్య కారణం నవ్య.

నవ్యకు ఆరేళ్లు. వాళ్ల నాన్న శివాజీకి టాటీబంధ్‌లో లారీల టైర్ల షాపుంది. చక్రాల మధ్య పెరిగినందుకో ఏమో, ఆ పిల్ల ఒక్కచోట నిలవదు. నోరైతే అసలే నిలవదు.

ఈవీఎస్‌లో, అంటే పరిసరాల విజ్ఞానంలో, యూనిట్ టెస్టు పెట్టారు. ఇరవై బొమ్మలు, పక్కన రెండేసి గడులు. ప్రాణముంటే మొదటి గడిలో టిక్కు, లేకపోతే రెండో గడిలో. దిద్దే శ్రమ టీచరుకు లేదు. ఫోనుతో పేపరును ఫొటో తీస్తే చాలు, స్మార్ట్ బోర్డు అమ్మిన కంపెనీవారి యాప్ మార్కులు వేసేస్తుంది. ఎంత హాయి! నవ్యకు పంతొమ్మిది వేసింది. పోయిన ఒక్క మార్కు కోడిగుడ్డు దగ్గర. గుడ్డుకు ప్రాణముందని నవ్య టిక్కు పెట్టింది. లేదని యాప్ ఎర్ర గీత పెట్టింది.

నవ్య పేపరు పట్టుకుని టేబులు దగ్గరికొచ్చింది. “మిస్, గుడ్డు లోపల చూజా ఉంటది కదా?”

“తెలుగులో కోడిపిల్ల అంటారమ్మా.”

“అదే. అభన్‌పూర్‌ల మా అమ్మమ్మ ఇంట్ల నేను చూసిన. ఠక్ ఠక్‌మని పగలగొట్టుకుని బయటికొచ్చింది. ప్రాణం లేకుంటే ఎట్ల పగలగొట్టింది?”

ఫణిశ్రీ దగ్గర ఉన్న జవాబేమో పేపరు మీద తప్పని ఉంది. “యాప్ అలా చెప్పిందమ్మా” అంది. అనేశాక తనకే సిగ్గేసింది. నవ్య ఏడవలేదు, పేచీ పెట్టలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది.

ఆ మడతలు చూశాక ఫణిశ్రీ ధైర్యం చేసి గిరిధర్ గారి గదికి వెళ్లింది.

“సార్, పొదిగే గుడ్డయితే ప్రాణమున్నట్టే కదండీ. దాని పెంకులోంచి గాలి కూడా ఆడుతుంది. యాప్‌లోని జవాబుల కీ మార్చమని కంపెనీకి రాద్దామా?”

“చూడండి మేడం, గుడ్డు నడుస్తుందా? తింటుందా? మాట్లాడుతుందా? లేదు కదా. ఇంక ప్రాణమేమిటి? మీ లెక్కన పొద్దున్నే నేను ఆమ్లెట్ తింటే ఖూన్ చేసినట్టా? కీ లాక్ అయిపోయింది. అబ్ ఛోడియే!”

ఎంత న్యాయమైన మాట! ఒక గుడ్డు కోసం సాఫ్ట్‌వేర్‌ను ఇబ్బంది పెట్టడం భావ్యమేనా?

వదిలేయమన్నా ఫణిశ్రీ వదల్లేదు. పెరట్లో వాళ్లమ్మ నల్లపెట్ట అప్పటికే పద్దెనిమిది రోజులుగా గుడ్ల మీద కూర్చుని ఉంది. శుక్రవారం తెల్లారేసరికి ఒక గుడ్డు మీద చిన్న పగులు కనబడింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచలు.

“పొదుగుమీదున్న గుడ్డుని బడికేటే? పెట్ట నిన్ను పొడిసి సంపేస్తాది!” అని వరహాలమ్మ అడ్డం పడింది.

“సాయంత్రానికి తెచ్చేస్తానమ్మా. ఒక పిల్లకి చూపించాలి.”

కూతురి మొహం చూసి వరహాలమ్మ స్టీలు గిన్నెలో వెచ్చటి ఊక పోసి, పాత చీర ముక్క పరిచి, గుడ్డును తనే సర్దిచ్చింది. “గాలి తగలనీకు. నువ్వు పగలగొట్టీకు, అదే వొస్తాది” అని రెండుసార్లు చెప్పింది.

మూడో పీరియడ్‌లో ఫణిశ్రీ స్మార్ట్ బోర్డు ఆపేసి, గిన్నెను టేబులు మీద పెట్టింది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు చుట్టూ మూగారు. గుడ్డు కొద్దిగా కదిలింది. పెంకు మీద పగులు వెంట్రుకంత పొడుగైంది.

ఆ తర్వాత ఆ గదిలో ఎన్నడూ జరగనిది జరిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. నవ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లార్పకుండా నిలబడింది. లోపలి నుంచి ముక్కుతో పొడుస్తున్న చప్పుడు వెనక వరుస దాకా వినబడుతోంది.

సరిగ్గా అప్పుడే వరండాలో గిరిధర్ గారు ఫోను చూసుకుని ఆగిపోయారు. ఫోను పాడైందేమోనని విదిలించారు. మళ్లీ చూశారు. ముప్పై ఒకటి! ఫ్యాను తిరిగే ఖాళీ లైబ్రరీలో కూడా అంతకంటే ఎక్కువే చూపిస్తుంది. ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి. గబగబా వెళ్లి షీల్డు తెచ్చి, లోపలికి తొంగి చూడకుండా, బి సెక్షన్ తలుపుకు స్వయంగా తగిలించారు.

షీల్డు సరిగ్గా వేలాడుతోందా అని ఆయన ఒకడుగు వెనక్కి వేసేలోపు పెంకు రెండుగా విడిపోయింది. తడిసిన ఈకలతో, వణుకుతూ, కోడిపిల్ల ఊకలోకి దొర్లింది.

ముప్పై ఎనిమిది గొంతులు ఒక్కసారి లేచాయి. షీల్డు ఊగింది. ఫోను ఎర్రబడి నూటరెండు చూపించింది.

“యే క్యా తమాషా హై!” అంటూ గిరిధర్ గారు తలుపు తోసుకుని వచ్చారు. పిల్లలు దారి ఇచ్చారు. గిన్నెలో కోడిపిల్ల తల ఎత్తాలని చూస్తోంది, మెడ నిలవక మళ్లీ వాలిపోతోంది. ఆయన తెలియకుండానే వంగారు. “అరే... ఇంత చిన్నగా ఉంటుందా!” అన్నారు మెల్లగా. ఒక్క క్షణం ఆయన ప్రిన్సిపాల్ అన్న సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆయనకు కూడా.

“సార్, దీనికి ప్రాణముంది కదా?” అని నవ్య అడిగింది.

ఆయన చటుక్కున నిటారుగా నిలబడ్డారు. షీల్డు తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఫణిశ్రీ నవ్య సంచీలోంచి మడతల పేపరు తీయించి, పంతొమ్మిది కొట్టేసి, తన చేత్తో ఇరవై వేసి సంతకం పెట్టింది. సాయంత్రం ఆమె చేతికి మెమో వచ్చింది. అనుమతి లేకుండా జీవిని తరగతిలోకి ఎందుకు తెచ్చారో సోమవారంలోగా రాతపూర్వకంగా తెలపాలట.

మెమోతోపాటు బడి మొత్తానికి ఒక సర్క్యులర్ కూడా దిగింది: “ప్రాణమున్నది ఏదైనా సరే, ఏ పరిస్థితిలోనూ గేటు లోపలికి రానివ్వరాదు. వస్తే పూర్తి బాధ్యత గేటు సిబ్బందిదే.”

గేటు సిబ్బంది అంటే పరదేశి ఒక్కడే. సూర్యారావుతోపాటు వ్యాగన్ షాపులో పాతికేళ్లు పనిచేసిన మనిషి. పై నుంచి వచ్చిన కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించడం అక్కడే నేర్చుకున్నాడు. మెమో సంగతి రాత్రి సూర్యారావు ఫోను చేసి చెప్పాడో లేదో మనకు తెలియదు. ఊహించడం మన పని కాదు.

శనివారం పొద్దున బడి గంట కొట్టడానికి పది నిమిషాల ముందు గిరిధర్ గారి వాకీటాకీ మోగింది.

“సార్, గేటు కాడ ఆరొందల పన్నెండు ప్రాణాలున్నాయండి. ఏటి సెయ్యమంటారు?”

“ఏం ప్రాణాలు? కుక్కలా?”

“కాదండి. యూనిఫారం ఏసుకున్నాయండి.”

గిరిధర్ గారు పరుగున వచ్చారు. గేటు మూసి ఉంది. బయట పిల్లలంతా రోడ్డంచున గుంపుగా ఉన్నారు. కొందరు టిఫిన్ డబ్బాలు తెరిచేశారు. కొందరు నీళ్ల గుంటలో దూకుతున్నారు. స్కూటర్ల మీద తల్లిదండ్రులు హారన్లు కొడుతున్నారు. శివాజీ అయితే లారీ హారన్‌కు తీసిపోని గొంతుతో అరుస్తున్నాడు. గేటు బయటే ఆగిపోయిన ఫణిశ్రీ తన పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది.

“పరదేశీ! పాగల్ హో గయా క్యా? పిల్లల్ని ఆపడమేమిటి?”

పరదేశి చొక్కా జేబులోంచి సర్క్యులర్ తీసి, అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చూపించాడు. “పిల్లలకి మినహాయింపని ఎక్కడా రాయనేదండి. బాద్దెత నాదని మాత్రం రాసినారు.”

అంతమంది తల్లిదండ్రుల ముందు ఏం చెబుతారు? గిరిధర్ గారు చెమట తుడుచుకుని, తనకు తెలిసిన ఒకే ఒక ఉపాయం ప్రయోగించారు. “ఎవ్రీబడీ! లైన్! ఫింగర్ ఆన్ లిప్స్!”

ఎన్నేళ్ల శిక్షణ! ఆరువందల పన్నెండు మంది క్షణంలో వరుస కట్టారు. చేతులు కట్టుకున్నారు. వేళ్లు పెదాల మీదకొచ్చాయి. ఎవరూ కదల్లేదు, నమల్లేదు, నవ్వలేదు.

పరదేశి ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివరికి పరీక్షగా చూశాడు. తృప్తిగా తలూపి గేటు తాళం తీశాడు.

“ఇప్పుడు సర్క్యులర్‌కి సరిపోయారండి. నోపలికి పంపించెస్తన్నాను.”

తల్లిదండ్రుల్లో ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. శివాజీ మాత్రం నవ్వలేదు. వరుసలో బిగుసుకుపోయి నిలబడ్డ కూతుర్నే చూస్తున్నాడు.

ఫణిశ్రీ కూడా నవ్యనే చూసింది. ఆ పిల్ల వేలు పెదాల మీద ఎంత గట్టిగా అదుముకుందంటే, అక్కడ తెల్లబడింది. ఫణిశ్రీ వంగి ఆ వేలిని మెల్లగా తీసింది. గేటు దాటాక బి సెక్షన్ వరుసను మెట్ల వైపు కాకుండా వెనకాల మైదానం వైపు తిప్పింది.

“పరిగెత్తండి!” అంది.

మొదట ఎవరూ నమ్మలేదు. నవ్య నమ్మింది. ఆమె వెనక తక్కిన ముప్పై ఏడుగురూ.

అప్పటికి తన గదికి చేరుకున్న గిరిధర్ గారు పై అంతస్తు కిటికీలోంచి అరిచారు. “మేడం! ఇప్పుడు మీకు ఏ పీరియడ్?”

“ఈవీఎస్ సార్! నిన్నటి పాఠమే!”

సోమవారం నాడు సర్క్యులర్‌ను వెనక్కి తీసుకున్నారు. దాంతోపాటు వచ్చిన మెమో కూడా అటకెక్కింది. ఫణిశ్రీ ఉద్యోగం ఊడలేదు, ఖాయమూ కాలేదు. ఆరో నెల పూర్తయ్యాక, ఇంకో ఆరు నెలలు చూస్తామని కాగితం ఇచ్చారు. అందులో ‘కారణం’ అన్నచోట గిరిధర్ గారు స్వహస్తాలతో రాశారు: “ఈ టీచరు తరగతిలో కదలిక ఎక్కువ.”

సూర్యారావు ఆ కాగితాన్ని పెరట్లోకి, వెలుతురులోకి తీసుకెళ్లి రెండుసార్లు చదివాడు.

“తిట్టాడేటి?” అని వరహాలమ్మ నూకలు జల్లుతూ అడిగింది.

“నేదే” అన్నాడాయన, కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ. “ఆడికి తెలీకుండానే మెచ్చుకున్నాడు. ఫ్రేం కట్టించాల.”