వదులైన మొలతాడు

ఆ సోమవారం పొద్దున ప్రతాప్ వేసుకున్న పథకం చిన్నదే. ఐదున్నరకు లేవాలి, గంటసేపు జిమ్ములో బరువులెత్తాలి, ఏడున్నరకు నారాయణఖేడ్ డిపోకు చేరి కల్హేర్ బస్సు తీయాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. పదహారేళ్ల డ్రైవరు ఉద్యోగంలో అతని పొట్ట స్టీరింగు దాకా వచ్చేసింది. తగ్గిస్తానని ఇంతకుముందు మూడుసార్లు చాటింపు వేశాడు. మూడుసార్లూ నాలుగో రోజుకల్లా మిర్చిబజ్జీల బండి దగ్గర దొరికిపోయాడు. భార్య సునీత ఆ ముచ్చట చుట్టాల పెళ్లిళ్లలో కూడా చెబుతుంది. అందుకే ఈసారి దాపరికం.

జిమ్ము నడిపే మహంతేష్ విడమరిచి చెప్పాడు. “అన్నా, కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోని కండ గూడ పోతది. రొట్టెలు తగ్గించు. గుడ్లు, పప్పు, పెరుగు బాగ తిను. బరువులు లేపు. కొవ్వు పోవాలె, కండ నిలవాలె.”

ప్రతాప్ బుద్ధిగా పాటించాడు. గుడ్లు డిపో ఎదురు హోటల్లో తినేవాడు. ఇంట్లో మాత్రం, నాలుగు జొన్నరొట్టెలు తినే మనిషి ఒక్కదానితో చెయ్యి కడుక్కుని హడావుడిగా లేచిపోయేవాడు. నెల తిరిగేసరికి పొట్ట తగ్గింది, చేతుల దండలు గట్టిపడ్డాయి. తనలో తానే మురిసిపోయాడు పాపం.

ముందుగా గమనించింది తల్లి భీమమ్మ. స్నానం చేసి వస్తున్న కొడుకు మొలతాడు తుంటి మీదికి జారి ఉంది. దసరాకు ఆమె తన చేత్తో కట్టిన మొలతాడు అది. కొడుక్కి ఏదో జబ్బు చేసిందనుకుంది. దానికి తోడు పొరుగింటి కిష్టవ్వ ఒక కబురు మోసుకొచ్చింది. జిమ్ము మేడ మీద ఉంది, కింద రక్తపరీక్షల ల్యాబు ఉంది. కిష్టవ్వకు కింద ఉన్నదే తెలుసు.

“నీ కొడుకు రోజు పొద్దుగాల పరగడుపున రక్తం పరీక్షలకు పోతుండు. గంటకు గాని బయటికొస్తలేడు. ఏం రోగమో ఏమో.”

ఇంకో నెల గడిచేసరికి ఆ కబురు నాగల్‌గిద్ద దాకా పోయింది. ఆ ఊళ్లో ఉండే మేనమామ సంగయ్య రోగిని చూడటానికి బ్రెడ్డు ప్యాకెటు, డజను అరటిపండ్లతో దిగాడు.

“నాకేం రోగం లేదు మామా. జిమ్ముకు పోతున్న. నేనే కావాలని తగ్గిన,” అని ఒప్పేసుకున్నాడు ప్రతాప్.

“నువ్వా? జిమ్ముకా?” అని సునీత పెదవి విరిచింది. “బజ్జీల బండి దాటలేనోడివి. నిజం చెప్పు, పరేషాన్ చెయ్యకు.”

“రోగమున్నోడు గట్లనే అంటడు,” అన్నాడు సంగయ్య మెల్లగా.

ప్రతాప్ చొక్కా చెయ్యి మడిచి దండ బిగించి చూపించాడు. భీమమ్మ దాన్ని వేళ్లతో నొక్కి చూసి కళ్లు ఒత్తుకుంది. “అయ్యో, చెయ్యి గూడ వాసింది.”

రేపు అందరినీ మహంతేష్ దగ్గరికి తీసుకుపోతే సరిపోతుందనుకుని నవ్వుకుంటూ డ్యూటీకి వెళ్లాడు. కల్హేర్‌లో బస్సు ఆపగానే సునీత ఫోను వచ్చింది. వాకిట్లో అత్తమ్మ కళ్లు తిరిగి పడిపోయింది.

దవాఖానలో డాక్టరు స్వరూపరాణి ఏం తింటున్నావని భీమమ్మను అడిగింది. “ఒక్కపొద్దు ఉంటున్న. కొడుకు మొలతాడు మళ్ల బిగిసేదాక ఒక్కపూటనే తింటనని మొక్కుకున్న. నెల దాటింది.”

“ఒక్కపూట గూడ సరిగ్గ తింటలేనట్టుంది,” అంది డాక్టరు. “ఈ వయసుల కండ కరిగితే తిరిగి రాదు తొందరగ. పప్పు, పెరుగు మూడుపూటల తినాలె. కొంచెం కోలుకున్నంక కసరత్తు గూడ చెయ్యాలె.”

ప్రతాప్ తల్లి చెయ్యి పట్టుకుని చూశాడు. తోలు, ఎముక తప్ప అందులో ఏమీ మిగల్లేదు. కండ ఎట్లా నిలుపుకోవాలో రెండు నెలలుగా కంఠస్థం చేసినవాడు, పక్కనే ఖాళీగా ఉన్న తల్లి కంచం వైపు ఒక్కరోజూ చూడలేదు.

ప్రతాప్‌ది రోగం కాదు, జిమ్మేనని డాక్టరు చెప్పాక నమ్మింది గానీ, ఇంటికొచ్చాక కూడా ఆమె పట్టు వదల్లేదు. “మొక్కు మొక్కే.” ఇక దారిలేక ప్రతాప్ చాటుకు పోయి మొలతాడు కుదించి ముడేసుకుని వచ్చాడు. “సూడమ్మా, బిగిసింది.”

భీమమ్మ ముడిని తడిమింది. “ఇది నేనేసిన ముడి కాదు కొడుకా.”

ప్రతాప్ తల వంచుకున్నాడు.

“జిమ్ముకు పోతున్నవని ఆనాడే చెప్తే నేను రొట్టెలు తక్కువ చేస్తుంటి గద. నాకు గూడ దాచే ముచ్చటనా గది?”

సునీత ఇద్దరికీ ఒకే కొలతన రొట్టె, గిన్నెడు పప్పు, పెరుగు పెట్టింది. భీమమ్మ కాసేపు కంచం వైపు చూసి, ముద్ద కలిపింది. “దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు లేవకుండ కూసో,” అంది. ఆమె తినడం పూర్తయ్యేదాకా ప్రతాప్ కదల్లేదు.

ఇరవై రోజులకు ఆమె కొంచెం తేరుకుంది. కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తు నేర్పుతానని మహంతేష్ అంటే, ఒక పొద్దున తల్లిని చెయ్యి పట్టుకుని మెల్లగా ఆ మేడకు తీసుకుపోయాడు. దారిలో కిష్టవ్వ చూసింది.

మధ్యాహ్నం బస్సుకు సంగయ్య రెండు బ్రెడ్డు ప్యాకెట్లతో బయల్దేరాడు.