కుర్చీని ఫ్యాను కిందికి జరుపు బిల్లు

అమెరికా ప్రభుత్వం గురించిన పరిచయ కోర్సులో ఆన్‌లైన్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ ప్రాక్టికల్స్ కోసం ఒక పౌరుణ్ణి పంపిస్తారు కాబట్టి, మే నెల మొదటి సోమవారం పొద్దున్నే విజయవాడ పటమటలో ఉన్న యామిని ఇంటికి హెరాల్డ్ పికెట్ అనే పెద్దాయన కొరియర్‌లో వచ్చాడు. బోటనీ వాళ్ళకు మొక్కలూ జువాలజీ వాళ్ళకు కప్పలూ ఎలాగో ఇదీ అంతే. కొరియర్ అతను ఓటీపీ అడిగి సరిచూసుకుని, ఆయన్ని ఆటోలోంచి దింపి, వెంట వచ్చిన అట్టపెట్టెను గేటుకు ఆనించి వెళ్ళిపోయాడు.

యామిని చదువుతున్నది అకౌంటింగ్. కాలేజీ మాత్రం అమెరికాది. అందులో ఎవరు ఏం చదివినా, ఎక్కడ కూర్చుని చదివినా, ఈ పేపరు పాసయితేనే డిగ్రీ ఇస్తారు. పెళ్ళయి మూడు నెలలే అయింది. మొగుడు భార్గవ్ ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళాక చదువుకోవచ్చుననీ, అతను వచ్చాక చదివింది చెప్పి నవ్వించవచ్చుననీ ఆమె సంతోషంగా చేరింది.

అపార్ట్‌మెంటు గేటు ముందు కాలవ మీద పలక లేదు. పెద్దాయన అడుగు అందులో పడబోతుంటే యామిని చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ కాలు కాస్త ఎత్తి వెయ్యండి. రెండ్రోజులకి అలవాటైపోతుంది."

కింద వాటాలో ఉండే మంగతాయారు గారు వసారాలోంచి చూస్తూ, "మొన్న ఎలక్షన్లకి పలక తెచ్చి పక్కన పెట్టారు నాయనా. వెయ్యడం వచ్చే ఎలక్షన్లకి," అంది. తరవాత యామినితో, "పౌరుడా? మా అమ్మాయి సైకాలజీ తీసుకున్నప్పుడు దిగులు మనిషిని పంపారు. మంచివాడు పాపం. అన్నం దగ్గర పేచీ పెట్టేవాడు కాదు," అంది.

అట్టపెట్టెలో ఒక మడత కుర్చీ, అట్టతో చేసిన బ్యాలెట్ పెట్టె, సీలు వేసిన కవరులో ఒక్క బ్యాలెట్ కాగితం, సూచనల పత్రం ఉన్నాయి. కోర్సు నడిచినన్నాళ్ళూ విద్యార్థి ఇంటివాళ్ళే పౌరుడికి ప్రభుత్వం. పౌరుడికి రోజూ తిండి, నీళ్ళు ఇవ్వాలి. వారానికొక హామీ ఇవ్వాలి. ఎండ తగలకుండా చూడడం మంచిది. చట్టం లేకుండా పౌరుడు తన కుర్చీని ప్రభుత్వం వైపు జరుపుకోకూడదు. దూరంగా జరుపుకోవడానికి అనుమతి అక్కర్లేదు. కోర్సు చివర పౌరుడు ఓటు వేస్తాడు. 'ఈ ప్రభుత్వమే' అంటే విద్యార్థి పాస్. 'వేరే ప్రభుత్వం' అంటే ఫెయిల్, పౌరుణ్ణి ఇంకొక విద్యార్థికి పంపేస్తారు.

హాలు చిన్నది. ఉన్న ఒక్క ఫ్యాను కింద పెళ్ళికి కానుకగా వచ్చిన సోఫా ఉంది, ఇద్దరు పట్టేది. సాయంత్రాలు ఆ సోఫాలో ఇంకొకరు పట్టేంత చోటు మిగిల్చి కూర్చోవడం వాళ్ళకు ఇష్టం. మిగిలింది పడమటి కిటికీ పక్కన, చెప్పుల స్టాండు దగ్గర మూల. కుర్చీ అక్కడ వేశారు.

ఆ సాయంత్రమే ఆయన మొదటి అర్జీ పెట్టుకున్నాడు. విద్యార్థి ఏ ఊరి వాళ్ళయితే ఆ భాష నేర్పించే పంపుతారు గనక, ఆయన తెలుగు పాఠ్యపుస్తకంలా శుభ్రంగా ఉంది.

"అమ్మా, ఈ కుర్చీని పంకా కిందికి జరుపుటకు వీలవుతుందా? ఇచ్చట ఎండ హెచ్చుగా ఉన్నది."

"అయ్యో, దానిదేముందండీ," అని యామిని లేచింది.

"ఆగాగు," అన్నాడు భార్గవ్ లాప్‌టాప్‌లోంచి తలెత్తి. "నీకింకా అధికారం రాలేదు. శాసనసభ ఐదో పాఠంలో ఉంది. ఇప్పుడు జరిపితే నియంతృత్వం కింద మార్కులు కోసేస్తారేమో."

"మరి అప్పటిదాకా?"

"హామీ ఇవ్వు."

యామిని హామీ ఇచ్చింది. ఆయన కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ప్రొఫెసరుకు కూడా మెయిలు రాసింది. వారం తరవాత జవాబు వచ్చింది: మంచి ప్రశ్న, సిలబస్ చూడండి.

మూడో పాఠం పన్నులు. పౌరుడికి పొద్దున నాలుగు ఇడ్లీలు పెట్టి, అందులో ఒకటి పన్నుగా వెనక్కి తీసుకునేవారు. ఆ ఒక్క ఇడ్లీని ప్రభుత్వం వంటింట్లో నిలబడి, చెరో సగం, అల్లప్పచ్చడి అద్దుకుని తినేది. తాము విడిగా తిన్న ఇడ్లీల కంటే ఈ సగం ఎందుకంత రుచిగా ఉంటుందో యామినికి తెలియలేదు. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే, ఆయన ఖాళీ అయిన పళ్ళెంలో మిగిలిన చట్నీని వేలితో తీసుకుంటున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసింది. మర్నాటి నుంచి చట్నీ కాస్త ఎక్కువ వేసింది. పన్ను తగ్గించే అధికారం ఆమెకు ఉందో లేదో పాఠంలో స్పష్టంగా లేదు.

ఐదో పాఠం వచ్చేసరికి బెజవాడ ఎండలు ముదిరాయి. కుర్చీని ఫ్యాను కిందికి జరుపు బిల్లును దిగువసభ, అంటే యామిని, ఏకగ్రీవంగా ఆమోదించింది. ఎగువసభకు, అంటే భార్గవ్‌కి, పంపింది. సభ అప్పుడే స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటోంది.

"ఊరికే పాస్ చేస్తానేంటి? ఒక సవరణ," అన్నాడు.

"ఏంటో?"

"ప్రతి ఆదివారం ప్రభుత్వం సినిమాకు వెళ్ళాలి. దారిలో ఐస్‌క్రీం."

"దానికీ కుర్చీకీ సంబంధం ఏంటండీ?"

"సంబంధం ఉండక్కర్లేదని నీ పాఠంలోనే ఉంది. చదవలేదా?"

నిజంగానే ఉంది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మూలన కూర్చున్న ఆయన కూడా మర్యాదకు నవ్వాడు. నవ్వాక కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆ కండువా యామినిదే. ఆయన తన చొక్కా చేతులతో తుడుచుకోవడం చూడలేక ఇచ్చింది.

బిల్లు రెండు సభల్లోనూ నెగ్గి సంతకానికి వచ్చింది. అధ్యక్షురాలు కూడా యామినే. అయితే ఆ వారం అసైన్‌మెంటు వీటో. ప్రతి విద్యార్థీ ఏదో ఒక బిల్లును తిరస్కరించి కారణం రాయాలి. యామిని దగ్గర ఉన్నది ఒక్కటే బిల్లు. ఖజానా మీద భారం పడుతుందని రాసింది. ఫ్యాను ఎలాగూ తిరుగుతూనే ఉంటుందన్న సంగతి ఆమెకు తెలుసు. పదికి పది మార్కులు వచ్చాయి. స్క్రీన్ మీద చిన్న నవ్వు మొహం కూడా వచ్చింది. ఆమె లాప్‌టాప్‌ను ఆయనకు కనపడకుండా కొంచెం పక్కకు తిప్పుకుంది.

వీటోను తోసిపుచ్చడానికి ప్రతి సభలోనూ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఒక్కొక్క సభలో ఒక్కొక్కరే ఉన్నారు గనక లెక్క తెమలలేదు. భార్గవ్ రెండు వంతులు ఒప్పుకున్నానని, మూడో వంతు ఆలోచిస్తోందని అన్నాడు. ఈలోగా ఆఫీసు వాళ్ళు అతన్ని ట్రైనింగుకని హైదరాబాదు పంపారు. వారం తరవాత తిరిగి వచ్చాడు. పెళ్ళయ్యాక వాళ్ళు విడిగా ఉన్నది ఆ వారమే కాబట్టి, వచ్చిన రోజూ, ఆ మర్నాడూ సభలు సమావేశం కాలేదు. గడువు దాటి బిల్లు మురిగిపోయింది. సవరణ మాత్రం కార్యనిర్వాహక ఉత్తర్వు కింద అమలవుతూ వచ్చింది.

రోహిణి కార్తె ఆదివారం వాళ్ళు మ్యాటినీకి వెళ్ళారు. థియేటర్లో ఏసీకి యామిని పైట కప్పుకుని, చలేస్తోందని భార్గవ్ మీదికి ఒరిగింది. బయటికి వచ్చి ఐస్‌క్రీం తిన్నారు. మల్లెపూలు కొనుక్కుంది. ఇంటి తాళం తీసేసరికి హాలు చీకటిగా, కుంపటిలా ఉంది. బయలుదేరేటప్పుడు కిటికీలు మూసి, స్విచ్చులన్నీ ఆపడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. మూలన కుర్చీలో ఆయన ఉన్నాడు. తల మీద కండువా తడిపి వేసుకున్నాడు. అది ఎప్పుడో ఆరిపోయింది.

"వచ్చితిరా అమ్మా. చలనచిత్రము ఎట్లున్నది?"

యామిని చెయ్యి జడ మీదికి వెళ్ళింది. పూలు తీసి బ్యాగులో పెట్టేసింది.

"బానే ఉందండి. ఫ్యాను... నేనే ఆపేశాను. చూసుకోలేదు."

"ఫరవాలేదు. ఇచ్చటికి గాలి రాదు కదా. తిరిగినను, ఆగినను నాకు ఒకటే."

ఆయన వెటకారంగా అన్నాడేమోనని ఆమె మొహంలోకి చూసింది. అలా ఏమీ లేదు. అదే బాగుండలేదు ఆమెకు. చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగుతున్నంతసేపూ గొంతు కదలడం చూస్తూ నిలబడి, తరవాత చూడలేక వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రాత్రికి క్విజ్ గడువు. ప్రభుత్వానికి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది, అన్నది మొదటి ప్రశ్న. పాలితుల అంగీకారం నుంచి, అన్నదాని మీద నొక్కింది. పచ్చ టిక్కు పడింది. అన్ని ప్రశ్నలకూ పచ్చ టిక్కులే పడ్డాయి. ఇంత బాగా తను ఏ సబ్జెక్టూ ఎప్పుడూ రాయలేదు. భార్గవ్‌కి చూపించి మురిసిపోవలసింది, లాప్‌టాప్ మూసేసింది.

"ఏవండీ, కుర్చీ జరిపేద్దామా? ఎవరు చూస్తారు?"

"జరుపుదాం. నేను కాదన్నానా? కానీ ఇప్పుడు జరిపితే ఎలక్షన్ నాటికి ఆయన మర్చిపోతాడు. ఆ రోజు పొద్దున్నే జరుపుదాం. నీ డిగ్రీ సంగతి చూసుకో ముందు."

కాదనడానికి ఆమె నోరు తెరిచింది. కానీ అతను చెప్పింది విన్నాక లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. ఇంకా ఎన్నాళ్ళు, ఇంకో రెండు వారాలేగా. ఆ హాయి ఏమిటో తెలిసి, అతని వైపు వీపు తిప్పి పడుకుంది.

అప్పటి నుంచి ఆయన అర్జీలు ఆగిపోయాయి. యామిని అది గమనించింది. అడిగితే బాగుండునని ఎదురుచూసింది. ఆయన అడగలేదు. పొద్దున నమస్కారం పెట్టేవాడు, ఇడ్లీ పన్ను తనే పళ్ళెంలో ఒక పక్కకు తీసి ఉంచేవాడు, మధ్యాహ్నం ఎండ మొహం మీదికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఆమె సోఫాను ఆయనకు వీపు వచ్చేలా తిప్పి వేసింది. టీవీ బాగా కనిపిస్తుందని చెప్పింది.

పోలింగు రోజు ఇల్లంతా కడిగింది. కుర్చీని తన చేతులతో ఎత్తి ఫ్యాను కింద వేసింది. పెద్ద బరువు లేదు, ఒక చేత్తో వచ్చేసింది. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ ఇచ్చింది. కొత్త తువ్వాలు ఇచ్చింది. ఆ రోజు పన్ను రద్దు చేసింది. ఆయన ఫ్యాను కింద కూర్చుని తల వెనక్కి వాల్చాడు. నెరిసిన జుట్టు గాలికి కొద్దికొద్దిగా లేచింది. ఆ కాసేపూ ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. యామినికి ఏడుపు వచ్చింది గానీ, ఎన్నికల అధికారి కూడా తనే కాబట్టి ఆపుకుంది.

ఆమె చున్నీని ఫ్రిజ్‌కూ కిటికీ ఊచకూ కట్టి చాటు చేశారు. ఆయన లోపలికి వెళ్ళి, చాలాసేపు ఉండి, మడిచిన కాగితం పెట్టెలో వేశాడు. మంగతాయారు గారిని సాక్షిగా పిలిచి పెట్టె తెరిచారు. ఈ ప్రభుత్వమే.

"నూటికి నూరు శాతం. బ్రహ్మాండమైన మెజారిటీ," అన్నాడు భార్గవ్.

"ఎంతైనా చూసిన మొహాలు కదమ్మా," అని మంగతాయారు గారు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

యామిని ఆయన ముందు నిలబడింది. "ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మాకే ఎందుకు వేశారు?"

ఆయన ఆలోచించి చెప్పాడు. "ఇదివరకు నన్ను ముగ్గురు పరిపాలించినారమ్మా. వారిలో ఎవరును సిగ్గుపడలేదు. మీరు పడుచున్నారు. అంతకంటె ఏమి కోరుదును?"

అని లేచి, కుర్చీ మడిచి, చంకలో పెట్టుకుని చెప్పుల స్టాండు దగ్గరికి నడిచాడు. అక్కడ విప్పి, ముందు ఉన్న చోటే, నేల మీద కాళ్ళ గుర్తుల్లో సరిగ్గా కుదిరేలా వేసుకుని కూర్చున్నాడు.

"ఇక్కడే ఉండండి, ఏం ఫర్వాలేదు," అంది యామిని.

"ఎన్నిక అయిపోయినది కదా అమ్మా."

నియమాల ప్రకారం దూరంగా జరగడానికి అనుమతి అక్కర్లేదు. ఎవరూ చేయగలిగింది లేదు. లాప్‌టాప్ మోగింది. ప్రొఫెసరు అభినందనలు పంపాడు. రెండో భాగం ఆగస్టులో మొదలవుతుందని, ఇదే పౌరుణ్ణి కొనసాగించమంటారా అని అడిగాడు. యామిని ఆయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె అవును అని నొక్కింది.

"పాసయ్యావు. మొహం అలా పెట్టుకుంటావేంటి? ఇలా రా, గాలి బాగా వస్తోంది," అని భార్గవ్ సోఫాలో పక్కకు జరిగాడు.

"స్వీట్లు తెస్తాను. మంగతాయారు గారు అడుగుతారు," అని పర్సు తీసుకుని కిందికి దిగింది. మెట్ల మీద ఒక నిర్ణయానికి వచ్చింది. ఆగస్టులో పాఠాలు మొదలు కాకముందే కుర్చీ జరిపించేస్తుంది, లేదా కనీసం ఆ మూలకు ఒక టేబుల్ ఫ్యాను కొంటుంది. హామీ చాలా బాగుంది. రెండోసారి అనుకుంటే ఇంకా బాగుంది. మనసు తేలికపడి, ఏ స్వీటు కొనాలా అని ఆలోచించుకుంటూ గేటు దాటింది. కాలవ దగ్గర పలక అలాగే పక్కన పడి ఉంది. దాని మీద గడ్డి మొలిచింది. యామిని అటు చూడలేదు. కాలు దానంతట అదే లేచి, అవతల పడింది.