చుక్కల లెక్కకు పన్నెండు దీపాలు

1996 జనవరిలో రాయపూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం ఆకాశాన్ని కొలవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఊరి దీపాల వెలుగు ఎన్ని చుక్కల్ని మింగేస్తోందో తేల్చి పంపమని ఒక విజ్ఞాన సంస్థ కోరింది మరి. పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపులో కంటికి ఎన్ని చుక్కలు ఆనితే అన్ని కాగితం మీద వేయాలి. అంతే పని.

అంతే పనికి ఒక అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, ఒక ఆహ్వాన సంఘం కావలసివచ్చాయి. అధ్యక్షులు నూకరాజుగారు. కాలనీ మైదానంలోని ఆరు హాలోజెన్ దీపాలూ ఆయన దుకాణంలోవే. చుక్కలు తగ్గాయని తేలితే ఆ దీపాలు దింపేస్తారని, ఇక ఎవరూ కొనరని ఆయనకు తెలుసు. నష్టం వచ్చే దారిలో ముందే కుర్చీ వేసుకు కూర్చోవాలన్నది ఆయన ఇరవయ్యేళ్ల వ్యాపారం నేర్పిన పాఠం.

రాత్రి ఎనిమిదింటికి వాలంటీర్లు చేరారు. రాసుకోవడానికి వెలుతురు కావాలి కనుక ఆరు దీపాలూ వెలిగించారు. అందరూ తలలెత్తారు. లెక్క ఒకటి వచ్చింది. అది మానా విమానాశ్రయంలో దిగుతున్న విమానమని తెలిశాక కొట్టేశారు.

ముప్పయ్యేళ్లు గూడ్సుబండి చివరి పెట్టెలోంచి ఆకాశం చూసిన రిటైర్డు గార్డు భీమారావు ఉండబట్టలేక లేచాడు.

"రాజుబాబూ, తిల్దా టేసను దాటితే ఏడు పిల్లలూ అగుపించేవి. ఈ బత్తీలు ఐదు నిమిషాలు బంద్ సేయించు."

"బంద్ సేస్తే ఏటి కనిపిస్తాది గార్డుబాబూ?"

"ఆకాశం సూడ్డానికి బత్తీ ఏటయ్యా? నీ మొకం సూడ్డానికా?"

"ఆ మొకం పగలు సూసిందే సాలు!" అంది వెనక నుంచి వాలంటీరు పైడమ్మ.

నవ్వులు ఆగేదాకా ఆగి, నూకరాజుగారు మైకు అందుకున్నారు. "సోదరులారా! ఇంట్లో సూది పోతే దీపం ఆర్పుతామా, వెలిగిస్తామా? చుక్కలు కనబడలేదంటే వెలుతురు చాలలేదని అర్థం!"

చప్పట్లు మోగాయి. పైకి తిప్పిన దీపాలు మరో ఆరు పెట్టాలని చేతులెత్తారు. పైడమ్మ కూడా ఎత్తింది. ఎత్తని భీమారావు పేరు అభివృద్ధి నిరోధకుడిగా మినిట్సు పుస్తకంలో చేరింది. మర్నాడు అతను లోకల్ బండెక్కి తిల్దా వెళ్లి, ఏడు చుక్కలు లెక్కపెట్టుకొచ్చాడు. బయటి చుక్కలు కాలనీ లెక్కలోకి రావని సంఘం తిరస్కరించింది.

"చుక్కలు: సున్న. కారణం: వెలుతురు కొరత" అని రాసిన కాగితం సకాలంలో పోస్టయింది.

నమ్మనివారు ఈ రాత్రి తమ ఇంటి ముందు నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కటీ కనబడకపోతే దిగులు పడనక్కరలేదు. నూకరాజుగారి దుకాణం తొమ్మిదింటిదాకా తెరిచే ఉంటుంది.